ఉబ్బసం పంపు ఖర్చు: ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలైందంటే హైదరాబాద్ నగరంలో ఏ మెడికల్ షాపు కౌంటర్ దగ్గరైనా ఒకే రకం బేరం నడుస్తుంది. చీటీలో రెండు పంపులు, అంటే ఇన్‌హేలర్లు, రాసి ఉంటాయి. రెండింటి ధరా అడుగుతారు. ఎక్కువ ఖరీదున్నదాన్ని పక్కన పెట్టించి, "ఆ నీలం రంగుది ఒక్కటీ ఇవ్వండి, అది కొడితే దమ్ము దిగుతుంది" అంటారు. ఉబ్బసం ఉన్న ఇంట్లో డబ్బు మిగుల్చుకోవడానికి ఇంతకంటే ఖరీదైన దారి లేదు. మందులు కొనలేకపోతున్నామన్న బాధ నిజమే, దాన్ని కాదనను. కానీ ఎక్కడ తగ్గించుకుంటే నష్టం లేదో, ఎక్కడ తగ్గించుకుంటే ఆస్పత్రి పాలవుతామో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. మందుల షాపు లోపలి లెక్కలు తెలిసిన ఫార్మసిస్టుగా ఆ వివరాలు మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

నీలం పంపులో సాధారణంగా ఉండేది సాల్బుటమాల్ లేదా లెవోసాల్బుటమాల్. బిగుసుకుపోయిన శ్వాసనాళాల కండరాన్ని అది కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో దాని పని అయిపోతుంది. నాళాల లోపలి వాపును మాత్రం ముట్టుకోదు. ఆ వాపును తగ్గించేది రెండో పంపు. అందులో బ్యూడెసోనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్ ఉంటుంది, చాలా పంపుల్లో దానికి తోడు నాళాలను ఎక్కువసేపు వదులుగా ఉంచే ఫార్మోటెరాల్ లేదా సాల్మెటెరాల్ కూడా ఉంటుంది. స్టెరాయిడ్ పీల్చగానే ఏమీ తెలియదు. గుణం కనిపించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే చేతిలో డబ్బు లేనప్పుడు మొదటి వేటు దానిమీదే పడుతుంది. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గినా 2019 నుంచి ఒకే మాట చెబుతోంది: పెద్దలకు, పన్నెండేళ్లు నిండిన పిల్లలకు నీలం పంపు ఒక్కదానితో వైద్యం చేయకూడదు. 200 పఫ్‌ల (ఒక్క నొక్కుకు వచ్చే మందు ఒక పఫ్) నీలం డబ్బాలు ఏడాదికి మూడు లేదా అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే దమ్ము తీవ్రంగా వచ్చే ముప్పు పెరుగుతుంది. పన్నెండు, ఆపైన అయితే ప్రాణాపాయమే పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో వాళ్లు ఏడాదిలో ఎన్ని నీలం డబ్బాలు కొన్నారో బిల్లులు తీసి చూడండి. ఆ ఒక్క అంకె డాక్టరుకు చెబితే చాలు, సగం రోగ చరిత్ర చెప్పినట్టే.

ఇక ధర విషయం. డబ్బా మీద ఉన్న ఎమ్మార్పీలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల జనం మోసపోతున్నారు. ఒక డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి, ఇంకోదానిలో 120, చిన్న పరికరంలో పెట్టి పొడిగా పీల్చే గుళికల సీసాలో 30 గుళికలు. పోల్చాల్సింది ఒక్కో పఫ్ ధరను, ఆ తర్వాత రోజుకయ్యే ధరను. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. 120 పఫ్‌ల డబ్బా 480 రూపాయలైతే పఫ్‌కు 4 రూపాయలు. పొద్దున రెండు, రాత్రి రెండు రాస్తే రోజుకు 16 రూపాయలు, డబ్బా 30 రోజులొస్తుంది. 30 గుళికల సీసా 210 రూపాయలకే వస్తుందనుకుంటే చూడటానికి చవక. గుళికకు 7 రూపాయలు, రోజుకు రెండు, అంటే 14 రూపాయలు. సీసా 15 రోజులకే ఖాళీ. తేడా రోజుకు రెండు రూపాయలే తప్ప 270 రూపాయలు కాదు. మీ చీటీలోని అసలు ధరలతో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ కూడా ఇన్‌హేలర్ల గరిష్ఠ ధరను డబ్బాకు కాకుండా పఫ్‌కే నిర్ణయిస్తుంది.

ఆ గరిష్ఠ ధర అన్ని మందులకూ ఉండదు. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో సాల్బుటమాల్, బ్యూడెసోనైడ్, బ్యూడెసోనైడ్‌తో కలిపిన ఫార్మోటెరాల్, ఇప్రట్రోపియం ఉన్నాయి. మాంటెలుకాస్ట్ మాత్ర కూడా ఆ ఏడాదే చేరింది. జాబితాలో ఉన్న మోతాదులకు ఏ కంపెనీ అయినా ఆ గరిష్ఠం, దానిపై జీఎస్టీ దాటి అమ్మడానికి వీల్లేదు. జాబితాలో లేని మందు ధరను మాత్రం కంపెనీ ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. అందుకని డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న: "నాకు సరిపోయే మందు ధరల నియంత్రణలో ఉన్నవాటిలో ఉందా?" గరిష్ఠ ధరలు కూడా స్థిరం కావు. 2024 అక్టోబరులో ఎనిమిది మందుల గరిష్ఠ ధరను ఒక్కసారిగా 50 శాతం పెంచారు. వాటిలో సాల్బుటమాల్ 2, 4 మిల్లీగ్రాముల మాత్రలు, నెబులైజర్ (మందును తుంపరగా మార్చి పీల్పించే మెషిన్) ద్రావణం ఉన్నాయి. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పాత ఎమ్మార్పీ ముద్ర ఉన్న సరుకైనా సవరించిన ధరకే అమ్మాలి. బిల్లు లేకుండా కొంటే ఇది తేలదు. నిర్ణీత ధర ఎంతో ఎన్‌పీపీఏ వారి 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో మందు పేరు కొట్టి చూడొచ్చు. ఎక్కువ తీసుకుంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదులో బ్యాచ్ నంబరు, బిల్లు రెండూ ఉండాలి.

చవక బ్రాండు ఇవ్వమని కౌంటర్‌లో అడిగితే ఫార్మసిస్టు తటపటాయిస్తాడు. లాభం కోసమని అనుకుంటారు. అన్నిసార్లూ అది కాదు. చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే దానికి బదులు అదే మందున్న వేరే బ్రాండు ఇవ్వడానికి ఔషధ నిబంధనల్లోని 65(11ఎ) ఒప్పుకోదు. దీనికి విరుగుడు డాక్టరు చేతిలోనే ఉంది. చీటీలో మందు పేరు, మైక్రోగ్రాములు, పంపా గుళికా అన్నది, రోజుకు ఎన్ని పఫ్‌లన్నది రాయమని అడగండి. 'బ్యూడెసోనైడ్ 200, ఫార్మోటెరాల్ 6, పంపు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని ఉంటే ఏ షాపులోనైనా, జన్ ఔషధి కేంద్రంలోనైనా నడుస్తుంది. జనరిక్ పేరు రాయాలని వైద్య మండలి నియమం ఎప్పటినుంచో ఉన్నదే. మీరు అడగడం తప్పేమీ కాదు.

జన్ ఔషధి కేంద్రాల్లో ఉబ్బసం మందులు చాలావరకు జాబితాలో ఉన్నాయి, ధర బ్రాండు మందులో సగమో అంతకంటే తక్కువో ఉంటుంది. ఇబ్బంది ధరలో లేదు, సరుకులో ఉంది. ఒక కేంద్రంలో పంపు దొరికితే ఇంకోదానిలో మాత్రలే ఉంటాయి. 'జన్ ఔషధి సుగమ్' యాప్‌లో దగ్గరి కేంద్రం, మందు ధర చూసుకుని, ఫోన్ చేసి, ఉందన్నాకే బస్సెక్కండి. డబ్బా అయిపోవడానికి పది రోజుల ముందే చెబితే కొన్ని కేంద్రాలు తెప్పించి ఇస్తాయి. అయిపోయిన రోజు వెళ్తే మాత్రం చేతికందింది కొనాల్సిందే. కోఠి హోల్‌సేల్ షాపులు, ఆన్‌లైన్ డిస్కౌంట్లూ పనికొస్తాయి, కాకపోతే ప్యాకెట్ మీద గడువు తేదీ చూడాలి. ఆరు నెలల్లో గడువు ముగిసే మూడు డబ్బాలు ఒకేసారి కొనిపించే డిస్కౌంటులో మిగిలేదేమీ లేదు.

మందు మార్చేటప్పుడు అందరూ తడబడేది మైక్రోగ్రాముల దగ్గర. బ్యూడెసోనైడ్ 200, ఫ్లూటికాసోన్ 200 సమానం కావు. ఫ్లూటికాసోన్ ప్రొపియొనేట్ దాదాపు రెట్టింపు బలమైనది. తక్కువ మోతాదు అంటే బ్యూడెసోనైడ్‌లో రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు, ఫ్లూటికాసోన్ ప్రొపియొనేట్‌లో 100 నుంచి 250. అంకె పెద్దదుంటే మందు ఎక్కువొచ్చిందని సంబరపడటం, చిన్నదుంటే నకిలీ అని గొడవ పడటం రెండూ కౌంటర్‌లో రోజూ జరిగేవే. అలాగే పంపు నుంచి గుళికకు మారితే పీల్చే పద్ధతి పూర్తిగా తలకిందులవుతుంది. కొత్త పరికరంతో కనీసం ఒక్కసారైనా డాక్టరు ముందో ఫార్మసిస్టు ముందో పీల్చి చూపించనిదే మార్చుకోవద్దు.

ఇప్పుడు అసలు వృథా దగ్గరికి వద్దాం. పంపును నోట్లో పెట్టి నొక్కితే, పద్ధతి బాగున్నా మందులో సుమారు పదో వంతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగతాది గొంతులో, నాలుక మీద అంటుకుంటుంది. పద్ధతి బాగాలేకపోతే ఆ పదో వంతూ చేరదు. సరైన వరస ఇది. డబ్బాను బాగా ఊపాలి. కొత్తదైనా, చాలా రోజులుగా వాడనిదైనా ముందు గాల్లోకి లీఫ్‌లెట్ చెప్పినన్నిసార్లు, మామూలుగా రెండు నుంచి నాలుగు సార్లు, కొట్టాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి. పెదాలతో మూతిని గట్టిగా పట్టుకోవాలి. మెల్లగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కాలి. మూడు నుంచి ఐదు సెకన్ల పాటు నింపాదిగా లోపలికి లాగి, పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్ ముందు అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. ఒకేసారి రెండు నొక్కులు నొక్కితే రెండింటి మందూ సరిగా అందదు. స్టెరాయిడ్ పంపు అయితే చివర నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది, "ఈ మందు నాకు పడలేదు" అని మానేస్తారు.

గుళికల పరికరానికి పద్ధతి వేరు. ఇక్కడ పీల్పు మెల్లగా కాకుండా వేగంగా, లోతుగా, మొదటి క్షణం నుంచే బలంగా ఉండాలి. గుళికను పరికరంలో పెట్టి తిప్పాక పరికరంలోకి ఊదకూడదు. నోటి తేమకు పొడి ముద్ద కడుతుంది. పీల్చాక తెరిచి చూసి, పొడి మిగిలితే ఇంకోసారి పీల్చాలి. వానాకాలంలో తడి చేతులతో తీసిన గుళిక మెత్తబడి చిల్లు సరిగా పడదు, కాబట్టి సీసా మూత ఎప్పటికప్పుడు బిగించాలి, గుళికలు జేబులో వేసుకుని తిరగకూడదు. ఇంత చెప్పాక నవ్వొచ్చే విషయం, కానీ నిజం: ఆ గుళికను మంచినీళ్లతో మింగేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. సీసా ఇచ్చేటప్పుడు అర నిమిషం వివరించని షాపులదే ఆ పాపం. గట్టిగా పీల్చలేని చిన్న పిల్లలకు, తీవ్రమైన దమ్ములో ఉన్నవాళ్లకు గుళికల పరికరం పనికిరాదు.

డబ్బా ఖాళీ అయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లలో తేల్చి చూడటం పనికిరాని పరీక్ష, పైగా నాజిల్ పాడవుతుంది. ఊపి చప్పుడు విన్నా తెలియదు. 200 పఫ్‌లు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, మందు మాత్రం ఉండదు. దానికే కొందరు రెండు వారాలు మోసపోతారు. అంకెల కౌంటర్ ఉన్న పంపు దొరికితే అదే కొనండి. లేకపోతే డబ్బా మీద స్కెచ్ పెన్నుతో మొదలుపెట్టిన తేదీ, రోజువారీ లెక్కన అయిపోయే తేదీ రాసుకోండి. 120 పఫ్‌లు, రోజుకు నాలుగు, అంటే ముప్పయ్యో రోజు. "పంపు పనిచేయడం లేదు" అని తెచ్చేవాటిలో చాలావరకు నాజిల్ మూసుకుపోయినవే. వారానికోసారి లోహపు డబ్బాను బయటికి తీసి, ప్లాస్టిక్ తొడుగును మాత్రమే గోరువెచ్చని నీటి ధార కింద అర నిమిషం కడిగి, రాత్రంతా ఆరనిస్తే చాలు. తొడుగు తడిగా ఉండగానే డబ్బా పెట్టేస్తే మళ్లీ అదే కథ. మే నెలలో బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పంపు వదిలేయొద్దు. 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి.

పద్ధతి ఎంత నేర్చినా చేయి, ఊపిరి కలవనివాళ్లకు స్పేసర్, అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టుకునే బోలు గొట్టం, తప్పనిసరి. ఒక పంపు ధరకు అటూఇటూగా దొరికే వస్తువు. గొంతులో పడే మందును తగ్గించి లోపలికి వెళ్లేదాన్ని పెంచుతుంది. స్టెరాయిడ్ పంపు వాడేవాళ్లందరికీ ఉండాల్సినదే అని నా అభిప్రాయం. డాక్టర్లు దాన్ని చీటీలో రాయడం మరచిపోతుంటారు, షాపువాళ్లు గుర్తుచేయరు. కొనలేకపోతే అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాతో చేసుకోవచ్చు. ఇది గాలి కబురు కాదు. దక్షిణాఫ్రికాలో దమ్ముతో వచ్చిన పిల్లలపై చేసిన పరీక్షలో 500 మిల్లీలీటర్ల సీసా దుకాణంలో కొనే స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కప్పులు మాత్రం పనికిరాలేదు.

చేసే తీరు ఇది. నూనె, కూల్ డ్రింక్ వాసన లేని శుభ్రమైన సీసా తీసుకోండి. మూత అక్కర్లేదు. అడుగున మధ్యలో పంపు నోటిని ఆనించి పెన్నుతో దాని ఆకారం గీయండి. గీత కంటే వెంట్రుక వాసి లోపలికే, కాల్చిన ఇనుప తీగతో గానీ పదునైన బ్లేడుతో గానీ రంధ్రం చేయండి. ఇక్కడే చాలామంది చెడగొడతారు. రంధ్రం పెద్దదై పక్కల నుంచి గాలి పోతే సీసా వట్టిదే. పంపు నోరు బిగుతుగా దూరాలి, చుట్టూ ప్లాస్టర్ టేపు తిప్పాలి. తెగిన ముక్కలు లోపల లేకుండా దులపాలి, అంచులు గరుకుగా ఉండకూడదు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నిలబెట్టి ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు పుట్టి మందును గోడలే లాగేసుకుంటాయి. కొన్న స్పేసర్‌కూ ఇదే నియమం. వాడేటప్పుడు సీసాతో సహా ఊపి, సీసా మూతిని పెదాలతో పట్టుకుని, ఒక్క పఫ్ నొక్కి, మామూలుగా ఐదారు సార్లు ఊపిరి తీసి వదలాలి. ఆ తర్వాతే రెండో పఫ్. సీసా సొట్టబడినా, పగిలినా పారేసి కొత్తది చేసుకోండి. నాలుగేళ్లలోపు పిల్లలకు ముఖానికి అతుక్కునే మాస్క్ ఉన్న స్పేసరే కావాలి, ఈ సీసా సరిపోదు.

స్పేసర్ ఉన్న ఇంటికి నెబులైజర్ మెషిన్ చాలావరకు అనవసరం. మామూలు, ఓ మోస్తరు దమ్ములో స్పేసర్ ద్వారా పంపు కొట్టినా నెబులైజర్ పెట్టినా ఫలితం ఒకటే. మెషిన్ ధర, మాస్క్, గొట్టం, ఒక్కోసారికి ఒక రెస్ప్యూల్ (మందు ద్రావణం ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం), కరెంటు పోతే ఇబ్బంది, సరిగా కడగని గిన్నెలో పెరిగే క్రిములు, ఇవన్నీ దానికి అదనం. పిల్లవాడికి జలుబు చేసినప్పుడల్లా క్లినిక్‌లో నెబులైజేషన్ పెట్టించే అలవాటు నగరంలో ముదిరింది. ఆ నాలుగు సార్ల ఖర్చుతో స్పేసర్, పంపు రెండూ వచ్చేవి.

చవక మందుల్లో అసలు ప్రమాదం మాత్రల రూపంలో ఉంది. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములంటే 4000 మైక్రోగ్రాములు. అదే మందు పంపులో రెండు పఫ్‌లకు 200 మైక్రోగ్రాములు. ఇరవై రెట్లు ఎక్కువ మందు రక్తమంతా తిరిగి, గుండె దడ, చేతుల వణుకు ఇచ్చి, ఊపిరితిత్తులకు ఆలస్యంగా చేరుతుంది. థియోఫిలిన్ రకం మాత్రలూ అంతే, మోతాదులో తేడా వస్తే వాంతులు, గుండె లయ తప్పడం. వీటన్నిటికంటే భయపడాల్సింది బస్తీల్లో పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్ల మాత్రలకు. బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఇవన్నీ మింగే స్టెరాయిడ్లు. రెండు రోజుల్లో దమ్ము పోయి ఆకలి పుడుతుంది, మందు మహత్తరమనిపిస్తుంది. డాక్టరు తీవ్రమైన దమ్ముకు ఐదు నుంచి ఏడు రోజులకు రాస్తే అది సరైన వైద్యమే. నెలల తరబడి వాడితే షుగరు, బీపీ, కంటి శుక్లం, ఎముకలు గుల్లబారడం వస్తాయి. అవి వచ్చాక కొనే మందుల ఖర్చు ఎవరూ ఈ మాత్రల ఖాతాలో రాయరు. అప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి ఒక్కసారిగా మానేయొద్దు, శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మరచిపోయి ఉంటుంది. డాక్టరు దగ్గర మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

మాంటెలుకాస్ట్ గురించి ఒక ముక్క. లెవోసెటిరిజిన్‌తో కలిపిన ఆ మాత్రను చీటీలో అలవాటుగా రాస్తున్నారు, ఏళ్ల తరబడి వాడుతున్నారు. స్టెరాయిడ్ పంపుకు అది ప్రత్యామ్నాయం కాదు. నిద్ర చెడటం, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వంటి ప్రభావాలపై అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. "ఇది ఇంకా అవసరమా?" అని డాక్టరును అడగండి. అవసరం లేదంటే ఆ నెల నుంచే ఒక స్ట్రిప్ ఖర్చు మిగిలినట్టు.

డాక్టరుతో మాట్లాడి నిజంగా తగ్గించుకోగలిగే దారులు ఇంకో రెండున్నాయి. మొదటిది, రెండు పంపుల బదులు ఒకటే. బ్యూడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపును రోజువారీకీ, దమ్ము వచ్చినప్పటికీ వాడే పద్ధతి ఉంది. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేయడం మొదలుపెడుతుంది కనుకే ఇది కుదురుతుంది. స్వల్ప ఉబ్బసంలో అవసరమైనప్పుడు మాత్రమే పీల్చుకున్నా సరిపోవచ్చు, అప్పుడు డబ్బా నెలల పాటు వస్తుంది. 200, 6 బలమున్న పంపుతో పెద్దలు రోజు మొత్తంలో 12 పఫ్‌లు దాటకూడదు. అన్ని పడుతున్నాయంటే అప్పటికే ఆస్పత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. సాల్మెటెరాల్ ఉన్న పంపును మాత్రం ఇలా వాడకూడదు, అది మెల్లగా పనిచేసే మందు. రెండోది, మోతాదు తగ్గింపు. రెండు మూడు నెలలు పగటి దమ్ము, రాత్రి మెలకువలు లేకుండా గడిస్తే స్టెరాయిడ్ మోతాదును పావు నుంచి సగం దాకా తగ్గించే అవకాశం ఉంటుంది. పెంచిన మోతాదుతోనే మూడేళ్లుగా అదే పాత చీటీ మీద కొంటున్నవాళ్లు ఎందరో. అలాగని పూర్తిగా ఆపేయడం, చలికాలం ముందు తగ్గించడం మంచిది కాదు.

ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది? ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, గాంధీ, ఉస్మానియా, పిల్లలకైతే నీలోఫర్. ఓపీ చీటీతో మందుల కౌంటర్‌కు వెళ్తే పంపు ఉన్న రోజు ఇస్తారు, లేని రోజు మాత్రలు చేతిలో పెడతారు. అప్పుడు మాత్రలు తీసుకుని ఇంటికి రావద్దు. మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లి పంపు లేదని చెప్పి, ప్రత్యామ్నాయం రాయించుకోండి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. నెలనెలా కొనే పంపుకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చాలామంది వదిలేస్తున్నది ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐని. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలోంచి 0.75 శాతం కోత పడుతుంటే, మీకూ మీపై ఆధారపడినవాళ్లకూ డిస్పెన్సరీలో మందులు రావాలి. సెక్యూరిటీ, షోరూం, చిన్న ఫ్యాక్టరీ ఉద్యోగుల్లో ఎందరో నెలనెలా కోత భరిస్తూనే బయట షాపులో పంపు కొంటున్నారు. దీర్ఘకాల రోగమని నమోదు చేయించుకుని, సనత్‌నగర్ ఆస్పత్రి నిపుణుడి చీటీని మీ డిస్పెన్సరీలో చూపించండి. సొంత ఇన్సూరెన్సు లేని 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల మందుల ఖర్చుకు పాత పన్ను విధానంలో 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. బిల్లులు దాచాలి, చెల్లింపు నగదులో ఉండకూడదు.

దమ్ము రేపేవాటిని తగ్గిస్తే పంపు వాడకమూ తగ్గుతుంది. దోమల చుట్ట ఒకటి కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. దోమతెర కొంటే ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది. సాంబ్రాణి, అగరుబత్తి పొగ వేసే గదిలో ఉబ్బసం ఉన్నవాళ్లను కూర్చోబెట్టవద్దు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం తీసుకునేవాళ్ల నమ్మకం జోలికి నేను పోను. మింగిన మర్నాటి నుంచి పంపు మానేయకండి, అంతవరకే నా మనవి.

ఒకచోట మాత్రం పైసా లెక్క చూడకూడదు. మాట పూర్తిచేయలేక ఆగుతున్నా, పెదాలు నీలిరంగుకు తిరుగుతున్నా, మెడ కండరాలు లోపలికి లాగుతున్నా, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చేలోపు కూర్చోబెట్టి, స్పేసర్ ద్వారా నీలం పంపు నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి నాలుగు శ్వాసలు ఇవ్వాలి. నాలుగు నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ నాలుగు. పడుకోబెట్టకూడదు.

చివరిగా అధికారులకు. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో ఉబ్బసాన్నీ చేర్చారు. బీపీ, షుగరు మాత్రలిచ్చే బస్తీ దవాఖానాల్లో బ్యూడెసోనైడ్ పంపు, సాల్బుటమాల్ పంపు, స్పేసర్ ఏడాది పొడవునా ఉండాలి. రాష్ట్ర వైద్య సేవల సంస్థ టెండరులో పంపు కొని స్పేసర్ మరిస్తే ఆ డబ్బు సగం గొంతులోనే పోతుంది, అందుకని రెండింటినీ కలిపే కొనాలి. ప్రతి దవాఖానా గోడ మీద ఈరోజు పంపు ఉందా లేదా, లేకపోతే దగ్గరలో ఏ దవాఖానాలో ఉందో పొద్దున తొమ్మిదింటికల్లా సుద్దముక్కతో రాసి పెట్టాలి. దానికి బడ్జెట్టు అక్కర్లేదు.

ఇట్లు
ఒక ఫార్మసిస్టు
మలక్‌పేట, హైదరాబాద్